‘తల్లిదండ్రుల ఎంపిక’లో తల్లి ఎక్కడ?

చదువుని మార్కెట్‌కి వదిలేస్తే ప్రమాణాలు పెరుగుతాయని వాదించేవాళ్ళకి ఇష్టమైన మాట ఒకటుంది: ‘తల్లిదండ్రుల ఎంపిక’. వినడానికి ప్రజాస్వామికంగానే ఉంటుంది. ఆ మాటలో తల్లి ఎక్కడుంది, ఆడపిల్ల ఎక్కడుంది అని మాత్రం అడగరు.

ఈ వాదాన్ని మన దగ్గరే పరీక్షించి చూశారు. 2008 నుంచి 2012 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. లాటరీలో పేరొచ్చిన పిల్లలకి ప్రైవేటు బడి ఖర్చు భరించారు. నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో వాళ్ళకీ లాటరీ రాని పిల్లలకీ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు. అయితే ప్రైవేటు బళ్ళు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం ఇచ్చి, ఒక్కో విద్యార్థిపై సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ఈ ఫలితం సాధించాయి. కాబట్టి అవే సమర్థమైనవన్నది వాదన.

నా పేచీ ఆ మూడో వంతు దగ్గరే. ఆ పొదుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలావరకు టీచరు జీతంలోంచి. ప్రైవేటు టీచర్లలో స్త్రీలు ఎక్కువనీ, వాళ్ళు వయసులో చిన్నవాళ్ళనీ, జీతం చాలా తక్కువనీ అదే అధ్యయనం చెబుతోంది. మా పల్నాడులో ఈ మాటకి వివరణ అక్కర్లేదు. డిగ్రీ చదివినా ఊరు దాటనివ్వని కూతురికీ, అత్తగారింట్లో వంట ముగించుకుని బయల్దేరే కోడలికీ దొరికే ‘గౌరవమైన’ ఉద్యోగం అదే. ఆమెని కదలనివ్వని కట్టుబాటే ఆమె శ్రమని చవక చేస్తోంది. అర్థశాస్త్రం దీన్ని సామర్థ్యం అంటోంది. మనం పితృస్వామ్యం అనాలి. సర్కారు టీచర్ల గైర్హాజరు నిజమైన సమస్యే, కాదనను. దానికి పరిష్కారం ఇంకో స్త్రీకి తక్కువ కూలి ఇవ్వడం కాదు.

ఇక ఇంటి సంగతి. నరసరావుపేట, మాచర్ల, గురజాల నుంచి పల్లెలకి వచ్చే ప్రైవేటు స్కూలు బస్సులో కొడుకునెక్కించి, కూతుర్ని ఊళ్ళో బడికి పంపే ఇళ్ళు మనకి తెలుసు. ప్రైవేటు బళ్ళలో మగపిల్లల వాటా ఎక్కువని అసర్ సర్వేలు ఏళ్ళ తరబడి చూపిస్తూనే ఉన్నాయి. ఆ ఫీజులో తల్లి మిరప కోతల కూలీ కూడా ఉంటుంది. కోతలు ముమ్మరమైతే ఇంటిపనికీ తమ్ముడి కాపలాకీ బడి మానేది కూతురే. మార్కెట్ లెక్కలో ఇది ‘కుటుంబ నిర్ణయం’.

డబ్బు తల్లి ఖాతాలోనే వేస్తున్నాం కదా అనవచ్చు. 2020లో మొదలైన అమ్మ ఒడి, బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది, పిల్లలెందరున్నా ఒకసారే. 2025లో వచ్చిన తల్లికి వందనం ప్రతి బిడ్డకీ వర్తించింది. రెండూ సర్కారు బడికీ ప్రైవేటు బడికీ ఒకటే. కూలి చేసుకునే తల్లికి ఆ డబ్బు విలువ తక్కువేమీ కాదు. కూతురి చదువుకీ అంతే లెక్క అనడం ఒక మెట్టే. కానీ ఖాతా ఆమె పేర ఉన్నంత మాత్రాన బడి మీద ఆమెకి మాట వచ్చినట్టు కాదు.

ఆ మాటకి చట్టంలో చోటుంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సభ్యుల్లో సగం స్త్రీలుండాలి. సర్కారు సాయం తీసుకోని ప్రైవేటు బళ్ళకి ఈ సెక్షన్ వర్తించదు. అంటే బిడ్డని అక్కడికి మార్చిన రోజునే తల్లి కమిటీలో కూర్చునే హక్కు వదులుకుంటుంది. చేతికొచ్చేది ఫీజు రసీదు. నచ్చకపోతే ఇంకో బడి వెతుక్కోవచ్చు, బడిని మార్చమని అడగడానికి మాత్రం చోటు లేదు.

ఆ కమిటీలు చాలాచోట్ల సంతకాలకే పరిమితమని నాకూ తెలుసు. అయినా మన పని అక్కడే ఉంది. మిరప చేను నుంచి వచ్చిన స్త్రీ హెడ్‌మాస్టరు ఎదుట కుర్చీలో కూర్చుని మధ్యాహ్న భోజనం గురించీ, ఆడపిల్లల మరుగుదొడ్డి గురించీ, రాని టీచరు గురించీ నిలదీయగలగాలి. ఆమెని కొనుగోలుదారుగా మాత్రమే చూసే ఏ విధానాన్నీ నేను ఎంపిక అనలేను.