కూలిపోలేదు, కూల్చారు: డుబోయిస్ 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' మళ్లీ చదువుతూ

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కోల్‌ఫాక్స్ అని చిన్న ఊరుంది. 1950 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం అక్కడి కోర్టు దగ్గర ఒక ఫలకం పెట్టించింది. 1873 ఏప్రిల్ 13న ఇక్కడ 'అల్లరి' జరిగిందనీ, ముగ్గురు తెల్లవాళ్లూ 150 మంది నల్లవాళ్లూ హతమయ్యారనీ, దాంతో దక్షిణాదిలో పరాయివాళ్ల దుష్పాలన అంతమైందనీ ఆ ఫలకం చెప్పింది. 2021లో దాన్ని పీకేసేదాకా ఏడు దశాబ్దాల పాటు అది అధికారిక చరిత్రగా నిలబడింది.

అసలు ఆ రోజు ఏం జరిగింది? 1872 ఎన్నికల ఫలితం మీద తగాదా వచ్చింది. తాము ఓటేసి గెలిపించుకున్న పక్షం తరఫున నల్లవాళ్లు కోర్టు భవనానికి కాపలా కాశారు. తెల్లవాళ్ల సాయుధ దండు ఫిరంగితో వచ్చి పడింది. భవనానికి నిప్పు పెట్టింది. లొంగిపోయినవాళ్లను చంపింది. పట్టుబడ్డవాళ్లను ఆ రాత్రి నడిపించుకుపోయి కాల్చింది. మృతుల సంఖ్య మీద 60 నుంచి 150 దాకా అంచనాలున్నాయి.

ఇప్పుడు ఫలకం భాష మళ్లీ చూడండి. అల్లరి జరిగింది. హతమయ్యారు. పాలన అంతమైంది. చేసినవాడు ఒక్క వాక్యంలోనూ కనపడడు. కూలడం వేరు, కూల్చడం వేరు అని మన భాషలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తేడాను మాయం చేయడమే ఆధిపత్య చరిత్ర రచన చేసిన ముఖ్యమైన పని. అందుకే డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1935లో ప్రచురించిన 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్ ఇన్ అమెరికా'ను మళ్లీ చదవాలని మేం అంటున్నాం. మెచ్చుకోవడం కోసమే చదవొద్దు. దాని లోపాలతో సహా చదవాలి.

యజమానుల చరిత్ర

1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి అమెరికా దక్షిణాదిలో దాదాపు 40 లక్షల మంది బానిసలు స్వేచ్ఛ పొందారు. మూడు రాజ్యాంగ సవరణలు వచ్చాయి. 1865లో 13వది బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వది పౌరసత్వం, చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చింది. 1870లో 15వది జాతి కారణంగా ఓటు నిరాకరించరాదంది. 1877 దాకా సాగిన ఈ కాలాన్నే పునర్నిర్మాణం అంటారు.

ఈ కాలం గురించి చాలాకాలం చెలామణి అయిన కథ ఒకటుంది. చదువు లేని నల్లవాళ్ల చేతికి అధికారం వచ్చిందట. ఉత్తరాది నుంచి సంచులు మోసుకొచ్చిన అవకాశవాదులు వాళ్లను ఆడించారట. అవినీతి పెరిగి, పన్నులు పెరిగి, చివరికి మర్యాదస్తులైన తెల్లవాళ్లు లేచి రాష్ట్రాలకు 'విమోచన' కలిగించారట. బానిసల యజమానులు తిరిగి గద్దెనెక్కడానికి పెట్టుకున్న పేరు విమోచన! ఈ కథను వీధిలో వాగేవాళ్లు తయారు చేయలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డనింగ్, ఆయన శిష్యులు దీనికి శాస్త్రీయత అనే ముద్ర వేశారు. 1915లో 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' సినిమా కూ క్లక్స్ క్లాన్‌ను వీరులుగా చూపించి దాన్ని ఊరూరికీ చేర్చింది. పండితుడు రాసింది పాఠ్యపుస్తకమైంది, పాఠ్యపుస్తకం సినిమా అయింది, సినిమా ఇంగితజ్ఞానమైంది.

డుబోయిస్ తన పుస్తకం మొదట్లోనే పాఠకుడితో ఒక మాట తేల్చేసుకుంటాడు. నల్లవాడు అందరిలాంటి మామూలు మనిషే అన్న నమ్మకంతో ఈ కథ చెబుతున్నాననీ, అలా అనుకోనివాళ్లను ఎన్ని వాస్తవాలూ ఒప్పించలేవనీ. చివరి అధ్యాయంలో పేర్లు పెట్టి మరీ చరిత్రకారులను నిలదీస్తాడు. ఆ దేశపు ప్రధాన చరిత్ర పత్రిక 'అమెరికన్ హిస్టారికల్ రివ్యూ' అప్పట్లో ఈ పుస్తకాన్ని సమీక్షించనే లేదు. తిట్టడం కూడా ఒక రకమైన గుర్తింపే గదా, అదీ ఇవ్వలేదు.

తిరగేసిన లెక్క

ఆయన చేసిన మొదటి పని బానిసను కర్తగా నిలబెట్టడం. లింకన్ విడిపించాడు, వీళ్లు విడుదలయ్యారు అన్నది పాత వాక్యం. డుబోయిస్ అంటాడు: యుద్ధం మొదలవగానే బానిసలు తోటలు వదిలి ఉత్తరాది సైన్యం వైపు నడిచారు. ఇది సార్వత్రిక సమ్మె. ఆయన అంచనాలో సుమారు 5 లక్షల మంది ఇందులో నేరుగా పాల్గొన్నారు. దక్షిణాది తిండి, పత్తి, రవాణా అన్నీ వాళ్ల చేతుల మీద నడిచేవే కాబట్టి ఆ చేతులు ఆగితే యుద్ధం ఆగింది. పైగా దాదాపు 1,80,000 మంది నల్ల సైనికులు ఉత్తరాది సైన్యంలో పోరాడారు.

రెండో పని, 'నల్ల పాలన'ను దాని పనితోనే కొలవడం. 1868 దక్షిణ కరోలినా రాజ్యాంగ సభలో ఎక్కువమంది ప్రతినిధులు నల్లవాళ్లు. కొన్నేళ్ల కిందటి దాకా అక్షరం నేర్పడమే నేరమైన ఆ రాష్ట్రంలో అందరికీ ఉచిత బడి అన్న సూత్రాన్ని రాజ్యాంగంలో రాసింది ఆ సభే. పన్నులు పెరిగాయి, నిజమే. బడులు ఊరికే వస్తాయా? అంతకుముందు పన్ను తక్కువగా ఉన్నది పేదలకు ప్రభుత్వం ఏమీ చేయలేదు కాబట్టి. అవినీతి జరిగింది, అదీ నిజమే. అదే కాలంలో న్యూయార్క్ నగరాన్ని ట్వీడ్ ముఠా దోచింది. దాన్ని చూసి తెల్లవాళ్లకు ఓటు తీసేయాలని ఎవరూ అనలేదు. ఒకడి తప్పు వాడి తప్పు, ఇంకొకడి తప్పు వాడి జాతి తప్పు. ఈ తూకం ఎక్కడిదో మన పాఠకులకు వేరే చెప్పాలా?

భూమి

1865 జనవరిలో జార్జియాలోని సవానాలో సైన్యాధికారి షెర్మన్, యుద్ధమంత్రి స్టాంటన్ 20 మంది నల్ల మత పెద్దలను పిలిచి మీకేం కావాలని అడిగారు. వాళ్ల తరఫున గారిసన్ ఫ్రేజర్ అనే 67 ఏళ్ల పెద్దాయన మాట్లాడాడు. భూమి కావాలి, మా చేత్తో మేమే దున్నుకుంటాం అన్నాడు. నాలుగు రోజులకే షెర్మన్ ఆదేశం వచ్చింది. సముద్ర తీరం వెంట యజమానులు వదిలిపోయిన భూముల్లో కుటుంబానికి 40 ఎకరాల దాకా. సుమారు 40 వేల మంది అక్కడ స్థిరపడ్డారు, పంట వేశారు.

ఆ ఏడాది తిరగకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ యజమానులను క్షమించి భూములు వెనక్కి ఇప్పించాడు. అక్టోబరులో ఈ కబురు చెప్పడానికి జనరల్ హోవర్డ్ ఎడిస్టో దీవికి వెళ్లాడు. పాత యజమానులను క్షమించండి, వాళ్లతో ఒప్పందాలు చేసుకోండి అన్నాడు. అక్కడి రైతులు కమిటీ వేసుకుని జవాబు రాశారు. తనను చెట్టుకు కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టి, తల్లినీ చెల్లినీ కొట్టి, ఇప్పుడు ఖాళీ గుడిసెలో కూడా ఉండనివ్వని మనిషిని ఎలా క్షమించమంటారని అడిగారు. ప్రభుత్వం దగ్గర దానికి సమాధానం లేదు.

అక్కడి నుంచి కథ మనకు తెలిసిన దారిలోనే పోయింది. భూమి లేనివాడు పాలికి దున్నాడు. విత్తనం అప్పు, తిండి అప్పు, పద్దు పుస్తకం దొరది. మిసిసిపీ 1865 చట్టం ప్రకారం నల్లవాడు ప్రతి జనవరిలో తనకు పని ఉన్నట్టు కాగితం చూపాలి. 13వ సవరణలో 'నేరానికి శిక్షగా తప్ప' అని ఒక కంత ఉంది. ఆ కంతలోంచే ఖైదీలను తోటలకు, గనులకు కిరాయికిచ్చే పద్ధతి దూరి వచ్చింది.

తుపాకి, తీర్పు, కాగితం

కూల్చడం మూడు చేతులతో జరిగింది. మొదటిది తుపాకి, అది కోల్‌ఫాక్స్‌లో చూశాం. రెండోది తీర్పు. కోల్‌ఫాక్స్ కేసులో శిక్ష పడిందే ముగ్గురికి. 1876లో సుప్రీంకోర్టు క్రూక్‌షాంక్ తీర్పులో వాళ్లనూ వదిలేసింది. 14వ సవరణ రాష్ట్రాలను కట్టడి చేస్తుంది తప్ప వ్యక్తులను కాదంది. అంటే ప్రభుత్వం చంపితే హక్కుల భంగం, పక్కింటి దొర చంపితే స్థానిక వ్యవహారం. 1883లో హోటళ్లు, రైళ్లు, నాటకశాలల్లో వివక్షను నిషేధించిన 1875 పౌరహక్కుల చట్టాన్ని కూడా కొట్టేసింది. ఆ తీర్పులో న్యాయమూర్తి బ్రాడ్లీ, విడుదలైన మనిషి ఎప్పుడో ఒకప్పుడు మామూలు పౌరుడు కావాలనీ, చట్టానికి ప్రత్యేక ముద్దుబిడ్డగా ఉండటం మానాలనీ హితవు చెప్పాడు. దాదాపు 250 ఏళ్ల బానిసత్వం తర్వాత స్వేచ్ఛ వచ్చి అప్పటికి 18 ఏళ్లు. 'ఇంకెన్నాళ్లు ఈ ప్రత్యేక సౌకర్యాలు' అన్న ప్రశ్న వయసు ఎంతో ఇక్కడ లెక్క కట్టుకోవచ్చు.

మూడోది కాగితం. 1890 మిసిసిపీ రాజ్యాంగం ఓటుకు రెండు డాలర్ల పన్ను, రాజ్యాంగాన్ని చదివి లేదా విని అర్థం చెప్పాలన్న పరీక్ష పెట్టింది. ఓటు నిబంధనల్లో 'నల్ల' అన్న మాటే లేదు. పరీక్ష పెట్టేవాడు తెల్లవాడు, అది చాలు. లూసియానాలో 1896లో నమోదైన నల్ల ఓటర్లు 1,30,334. 1904 నాటికి 1,342. సవరణలు మూడూ పుస్తకంలో చెక్కుచెదరకుండా ఉన్నాయి!

మర్యాద కూలి

పేద తెల్లవాళ్లు నల్ల కూలీలతో ఎందుకు కలవలేదు? వర్గం చాలు, మిగతావన్నీ దానివెంటే వస్తాయనే మిత్రులు డుబోయిస్ జవాబు వినాలి. తెల్ల కూలికి డబ్బు తక్కువే ముట్టింది. దానికి తోడుగా ఇంకో కూలి ముట్టింది: నలుగురిలో మర్యాద, మంచి బడి, పార్కులోకి ప్రవేశం, పోలీసుల్లో తనవాళ్లు, కోర్టులో మెత్తని చూపు. డుబోయిస్ దీన్ని మానసికమైన, బహిరంగమైన వేతనం అన్నాడు. ఈ కూలి తెల్లవాడి కడుపు నింపదు, కానీ పక్కవాడి కంటే పైనున్నానన్న తృప్తినిస్తుంది. ఆయన మార్క్స్‌ను పక్కన పెట్టలేదు. మార్క్స్ లెక్కలో లేని పద్దును చేర్చాడు.

మా అభ్యంతరాలు

అయితే డుబోయిస్ కూడా కొన్నిచోట్ల తెచ్చిపెట్టుకున్న మాటల్లో ఇరుక్కున్నాడు. దక్షిణ కరోలినా ప్రభుత్వాన్ని నల్ల శ్రామికవర్గ నియంతృత్వం అనబోయి, ఆ పేరు సరిపోదన్న విమర్శ విని తగ్గాడు. ఆ సంగతి తనే రాశాడు. మా ఉద్దేశంలో ఇబ్బంది 'నియంతృత్వం' దగ్గరే లేదు, 'శ్రామికవర్గం' దగ్గరా ఉంది. ఫ్రేజర్ అడిగింది కూలి రేటు కాదు, భూమి. వాళ్లు రైతులు కావాలనుకున్నారు. ఆ కోరికను కార్మికుడి భాషలోకి మార్చితే దాని ఆత్మ పోతుంది.

రెండోది ఇంకా పెద్దది. ఈ పుస్తకంలో స్త్రీలు తక్కువ. విడుదలైన తర్వాత చాలామంది నల్ల స్త్రీలు దొర పొలంలో గుంపు పనికి పోవడం మానుకున్నారు. దొరసానుల్లా కూర్చుంటున్నారని యజమానులు ఎగతాళి చేశారు. అది కూడా సమ్మె కాదా? 1866 మే నెలలో మెంఫిస్‌లో తెల్ల మూకలు 46 మంది నల్లవాళ్లను చంపినప్పుడు, తమపై జరిగిన అత్యాచారాల గురించి నల్ల స్త్రీలు కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పారు. అంతకుముందు ఏ కోర్టూ వినని గొంతులవి. పునర్నిర్మాణంలో అంతకంటే పెద్ద రాజకీయ చర్య ఏముంటుంది? ఈ ఖాళీని తర్వాతి స్త్రీవాద చరిత్రకారులు పూరించాల్సి వచ్చింది.

డుబోయిస్ దారిలో నడిచిన ఎరిక్ ఫోనర్ 1988 నాటి తన గొప్ప గ్రంథంలో ఈ కాలాన్ని 'అసంపూర్తి విప్లవం' అన్నాడు. ఎవరు ఎలా అడ్డుకున్నారో లోపల వివరంగా రాశాడు. అయినా ఆ పేరు మాకు తృప్తిగా లేదు. అసంపూర్తి అంటే మధ్యలో ఆగిపోయిన ఇల్లులా వినపడుతుంది. ఇది కట్టుకున్నవాళ్లను లోపల ఉంచి తగలబెట్టిన ఇల్లు.

మన చేతికొచ్చిన పాఠం

జోతిబా ఫూలే 'గులాంగిరి'ని బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అది 1873, కోల్‌ఫాక్స్ తగలబడ్డ ఏడాదే. ఫూలే చూసింది విముక్తిని. దాని తర్వాతి ద్రోహాన్ని చదివింది అంబేద్కర్. 1913 నుంచి 1916 దాకా ఆయన కొలంబియాలో చదివాడు, డనింగ్ ఇంకా అక్కడ పాఠం చెబుతున్న రోజుల్లో. 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో, యుద్ధం గెలవడానికి నల్లవాళ్లను వాడుకుని ఆ తర్వాత రిపబ్లికన్లు వాళ్లను ఎలా వదిలేశారో చెప్పి, ఆ గతి అంటరానివాళ్లు మరిచిపోలేరని హెచ్చరించాడు. స్వాతంత్ర్యానికి ముందే రక్షణలు కావాలని ఆయన పట్టుబట్టడంలో ఈ చదువు ఉంది. 1946లో ఆయన డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు అడిగాడు. మన రాజ్యాంగంలోని 17వ అధికరణం ప్రభుత్వాన్నే గాక వ్యక్తులనూ కట్టేస్తుంది. క్రూక్‌షాంక్ తీర్పు చదివినవాళ్లకు ఆ తేడా విలువ తెలుస్తుంది.

విద్యార్థి మిత్రులకూ ఉపాధ్యాయులకూ మేం చెప్పేది ఇంతే. ఏ హక్కు గురించైనా 'విఫలమైంది', 'అమలు కాలేదు', 'నీరుగారింది' అన్న వాక్యం కనపడితే అక్కడ ఆగండి. కర్త ఎవరో అడగండి. భూమి ఎవరి పేరున ఉంది, తుపాకి ఎవరి దగ్గర ఉంది, తీర్పు ఎవరు రాశారు, పాఠ్యపుస్తకం ఎవరు రాశారు అని వరసగా అడగండి. అమెరికాలో 1965 ఓటు హక్కు చట్టం ఆ కూల్చినదాన్ని కొంత తిరిగి కట్టింది. 2013లో షెల్బీ కౌంటీ తీర్పులో సుప్రీంకోర్టు అందులోని ముఖ్యమైన కాపలాను తొలగించింది, రోజులు మారాయంటూ. 1883లోనూ అదే చెప్పారు.