తోసుకొచ్చే బరువే బ్రేకు వేస్తుంది

కారవాన్ అంటే మనకు షూటింగుల్లో హీరోల కోసం నిలిపే ఏసీ బస్సు. బ్రిటన్‌లో సెలవులకు కారు వెనక తగిలించుకుపోయే కారవాన్ వేరు. దానికి ఇంజను లేదు, డ్రైవరు లేడు. బ్రేకులున్నాయి గానీ, కారు పెడల్ నుంచి వాటికి ఆయిల్ పైపూ లేదు, కేబులూ లేదు. మరి వేసేదెవరు?

పల్లంలో బండి ఎడ్ల మెడల మీదికి తోసుకొస్తుంది చూశారూ, కారు ఆగబోతుంటే కారవాన్ చేసేదీ అదే. ఓవర్‌రన్ బ్రేకు ఆ తోపునే పనిలో పెట్టుకుంటుంది. కారు వెనకున్న 50 మిల్లీమీటర్ల ఉక్కు బంతిని పట్టుకునే హిచ్, ఒక లావుపాటి షాఫ్టు కొసన బిగించి ఉంటుంది. తోపుకు షాఫ్టు లోపలికి జరిగి ఒక లీవరును నొక్కుతుంది. లీవరు అడుగునున్న పొడవాటి రాడ్డును లాగుతుంది. రాడ్డు చివరి బ్యాలెన్స్ బార్ ఆ లాగుడును రెండు చక్రాల కేబుళ్లకూ సమంగా పంచుతుంది. డ్రమ్ముల్లో షూలు విచ్చుకుంటాయి. కారు ఎంత గట్టిగా ఆగితే పట్టు అంత గట్టిది. షాఫ్టు ఒక్కసారిగా దూసుకుపోకుండా డ్యాంపర్ ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా ధన్‌మని కుదుపు వస్తుంటే డ్యాంపర్ పోయిందన్నా అనుకోవాలి, చక్రాల దగ్గర బ్రేకులు వదులయ్యాయన్నా అనుకోవాలి.

రివర్స్‌లోనూ తోపే కదా, అప్పుడు బ్రేకు పడిపోదా? డ్రమ్ము వెనక్కి తిరగగానే ఒక షూ తన ఆనుడు నుంచి జారి లోపలికి ముడుచుకుంటుంది, పట్టు వదిలేస్తుంది. బాగుంది. కానీ ఎత్తులో కారవాన్ హ్యాండ్‌బ్రేకు వేసి నిలిపితే? బండి కాస్త వెనక్కి జారుతుంది, ఆ షూ ముడుచుకుంటుంది, వెంటనే హ్యాండ్‌బ్రేకు లీవరుకు తోడుగా ఉన్న స్ప్రింగు ఆ వదులంతా లాగేసి మళ్లీ బిగిస్తుంది. ఒక సదుపాయం తెచ్చిన చిక్కును పక్కనే ఇంకొకటి విప్పడం: ఈ యంత్రం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

సరిచేసే పని ఎప్పుడూ చక్రం దగ్గరే మొదలుపెట్టాలి. జాకీ మీద లేపి, హ్యాండ్‌బ్రేకు వదిలి, డ్రమ్ము వెనక పలకలోని రంధ్రంలోంచి స్క్రూడ్రైవరుతో పళ్ల చక్రాన్ని తిప్పుతూ బిగించాలి. చక్రం ఆగాక, స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. తిప్పేది ముందుకే; వెనక్కి తిప్పితే ఆ షూ ముడుచుకుని కొలత తప్పుతుంది. తర్వాత కేబుళ్లు, చివరికి రాడ్డు. తొందరపడి రాడ్డు ఒక్కటే బిగించేవాళ్లు అరిగిన షూలను దాచిపెడుతున్నట్టే.

హిచ్ దగ్గర గ్రీజు సంగతి తమాషాగా ఉంటుంది. మామూలు హిచ్ అయితే బంతికి గ్రీజు పూయాలి. ఊగిసలాట తగ్గించే స్టెబిలైజర్ హిచ్ అయితే బంతి మీద గ్రీజు చుక్క, పెయింటు పెచ్చు ఉండకూడదు. అందులో ప్యాడ్లు బంతిని రాపిడితోనే పట్టుకోవాలి. కిర్రుమంటే ముందు బంతిని శుభ్రం చేయండి.

ఇక బ్రేక్‌అవే కేబులు. హిచ్ ఊడిపోతే ఈ సన్నటి ఉక్కు తీగ హ్యాండ్‌బ్రేకును లాగి, ఆ తర్వాత తనే తెగిపోతుంది. తెగేంత బలహీనంగా, లాగేంత బలంగా లెక్కకట్టి చేసిన తీగ అది. రోడ్డుకు రాసుకునేంత వదులుగా, మలుపులో బిగుసుకునేంత పొట్టిగా కట్టకండి.

డ్రమ్ము విప్పాల్సి వస్తే మాత్రం వర్క్‌షాపుకే ఇవ్వండి. ఆల్-కో కంపెనీ డ్రమ్ముల హబ్ నట్టు ఒక్కసారికే పనికొస్తుంది. కొత్తది వేసి 290 న్యూటన్ మీటర్లకు బిగించాలి.