ఆకులు తుంచేవాళ్లు

బతుకమ్మ మొదలయ్యే వేళకే తెలంగాణలో బడులకు దసరా సెలవులు వచ్చేస్తాయి. అందుకని సెలవులిచ్చే ముందురోజు ఏ బడిలో చూసినా ‘ముందస్తు బతుకమ్మ సంబురాలు’. మర్నాడు పేపర్ల జిల్లా పేజీలు ఆ ఫొటోలతోనే నిండిపోతాయి. నడుమ నిలువెత్తు బతుకమ్మ, చుట్టూ టీచర్లు, పట్టు లంగాల్లో పిల్లలు. నా కళ్లు మాత్రం ఆ ఫొటోల్లో ఓ మూలన నిలబెట్టిన నర్సరీ పిల్లల కోసం వెతుకుతాయి. ఒక పాప గాజులు లాక్కుంటూ ఉంటుంది. ఒక బాబు డీజే బాక్సు చప్పుడుకు చెవులు మూసుకొని ఉంటాడు. వాళ్లకు అక్కడ చేయడానికి ఏ పనీ లేదు. పండగలో పని లేని మనిషి ఎంత చిన్నవాడైనా చుట్టపుచూపుగా వచ్చినవాడే.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో నా ఉద్యోగం. ఇన్నేళ్లలో నాకు గట్టిపడ్డ అభిప్రాయం ఒకటుంది. పండగ ఇంట్లో, వాకిట్లో, చెరువు కట్ట మీద జరుగుతుంది. దాన్ని బడి చేయలేదు. బడి చేయగలిగింది పండగ పని. ఆ వయసు పిల్లలకు ఆ పనిని మించిన పండగ లేదు కూడా.

బతుకమ్మ పేర్చేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకు తెలుసు. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడాకులో ఆముదపాకులో పరుస్తారు. అంచు వెంట తంగేడు ఒక వరుస, దాని మీద గునుగు, ఆ పైన బంతి, కట్ల, రుద్రాక్ష, ఏవి దొరికితే అవి. ఒక్కో వరుస కిందిదానికన్నా కొంచెం లోపలికి జరుగుతూ పోతుంది. చివరికి కొసన గుమ్మడి పువ్వు. బయటి వరుసలు అందరికీ కనిపిస్తాయి. నడుమ ఖాళీ సంగతి పేర్చినవాళ్లకే తెలుస్తుంది. కోసి పారేసిన కాడలు, తుంచిన ఆకులు ఎప్పటికప్పుడు అందులో కూరాలి. లేకపోతే మూడో వరుసకే లోపలికి కూలుతుంది.

ఆ నడుమ ఖాళీ నా తరగతికి దొరికిన వరం. మూడేళ్ల పిల్లలకు ఏదైనా చించడం, తుంచడం అంటే ప్రాణం. మామూలు రోజుల్లో పుస్తకాలు చించుతున్నారని గోల పెడతాం కదా, ఆ వారం ఆకులు ముందు పోసి చించమంటాం. వాళ్లు తుంచుతారు, వాళ్లే లోపల కూరుతారు. నాలుగేళ్లవాళ్లు బంతిపూలు ఒకవైపు, చామంతులు ఒకవైపు వేరు చేస్తారు, పూలు పక్కపక్కన పెడతారు. ఐదేళ్లవాళ్లు ఒక పసుపు, ఒక ఎరుపు, మళ్లీ ఒక పసుపు అని వరుస తప్పకుండా పేర్చగలరు, పక్కవాడు తప్పితే పోట్లాడగలరు. వయసుకొక పని విడగొట్టాలని నేనేమీ కొత్తగా ఆలోచించలేదు. మా అమ్మమ్మ వాకిట్లో మనవలను కూర్చోబెట్టి చేయించింది ఇదే. ఆవిడ శిక్షణ తరగతులకు వెళ్లలేదు. నేను వెళ్లాను, అక్కడ చెప్పింది కూడా దాదాపు ఇదే, కాకపోతే ప్రొజెక్టర్ మీద.

పెద్ద బతుకమ్మ ఒకటి నడుమ పెట్టి పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెడితే పని నలుగురికే దొరుకుతుంది. అందుకే ఇద్దరికొక స్టీలు పళ్లెం. గునుగు కాడలు జానెడు పొడవుంటే చిన్న చేతుల్లో వంగిపోతాయి, వేలెడు పొడవుకు ముందే కత్తిరించి పెడతాను. పూర్తయ్యేసరికి అది బెత్తెడు ఎత్తుంటుంది, ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో అరవై అడుగులు దాటిన బతుకమ్మను నిలబెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. సంతోషమే. కానీ ఆ గాలి బడులకూ సోకి, ఏ బడి బతుకమ్మ ఎంత ఎత్తని పోటీ పెడుతున్నారు. ఆ పోటీలో గెలిచేది టీచర్లు. నర్సరీ పిల్లవాడి చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో బతుకమ్మ అంతే ఉండాలని నా పట్టుదల.

మా దగ్గర సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన ఒక తల్లి ఆ ఒరిగిన పళ్లేన్ని చూసి, “ఏంది టీచర్, గింతేనా? ఇంటిదాకా నిలబడ్తదా?” అంది. ఆమె కొడుకు, మూడేళ్లవాడు, “లోపల ఆకులు నేనే పెట్టిన” అన్నాడు. ఆమెకు అక్కడ ఆకులేవీ కనిపించలేదు. పైన రెండు పూలు ఎత్తి చూపిస్తేగాని వాడు ఊరుకోలేదు.

పూలు తేవడం మరో వారం సాగే పని. పట్నంలో గునుగు, తంగేడు కట్టలు కట్టి రోడ్డు పక్కన అమ్ముతారు. మా మండల కేంద్రంలో ఇంకా తాతలు, తండ్రులు బండి మీద తెస్తారు. ఊళ్లో పూలు కోసుకొచ్చే పని మగవాళ్లది, మగపిల్లలది కూడా. అందుకే “బతుకమ్మ ఆడపిల్లల పండగ కదా, మా వాడెందుకు” అని అడిగే తండ్రికి నేను సంచి ఇచ్చి చేను వైపు చూపిస్తాను. తండ్రితో వెళ్లి వచ్చిన పిల్లవాడు మర్నాడు బండెడు కబుర్లు తెస్తాడు. తంగేడు బీడు భూముల్లో, గట్ల మీద పూస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమని పెద్ద తరగతుల పిల్లలు చెబుతారు, దాని చెక్కతో తోళ్లు ఊనేవాళ్లని తాతలు చెబుతారు. గునుగు మక్క చేనులో, పత్తి చేనులో వద్దన్నా మొలిచే కలుపు. రైతు పీకి పారేసే మొక్క బతుకమ్మలో ఎత్తంతా తానే అవుతుంది. వేదికల మీద మాట్లాడేవాళ్లు ఈ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయని అంటుంటారు. ఆ మాట నా తరగతిలో వినిపించదు. చిన్నపిల్లలకు చెప్పే సంగతి వాళ్లు చేత్తో పట్టుకొని చూసుకోగలిగేదై ఉండాలి.

ఇక జాగ్రత్తల మాట. ఏ పువ్వైనా ముందు నోట్లోకి వెళ్లే వయసు అది. గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త విషం. ఎంత అందంగా ఉన్నా, ఎవరు ప్రేమగా తెచ్చినా తరగతి గడప దాటనివ్వను. ఆ రుతువులో గుమ్మడి, మందార పూలలో నల్లటి ఒంటి మీద ఎర్రపట్టీలున్న పురుగు ఒకటి దాక్కుంటుంది, నలిపితే చర్మం బొబ్బలెక్కుతుంది. పూలన్నీ ముందు పేపరు మీద పోసి దులుపుతాను. గునుగుకు వేసే బజారు రంగులు కూడా వద్దనే అంటాను. బీట్‌రూట్ రసంలో ముంచితే వెలిసిపోయినట్టున్న గులాబీ వస్తుంది. పిల్లలకు అది గులాబీయే.

సద్దుల బతుకమ్మ రోజు చేసే మలీద ముద్దలు కూడా మాకు పనికొచ్చాయి. పొయ్యి అక్కర్లేదు. ఇళ్ల నుంచి తెచ్చిన రొట్టెలు, ముందే దంచి పెట్టిన బెల్లం, కాస్త నెయ్యి. చేతులు కడుక్కొని కూర్చుంటే రొట్టె పొడి చేయడమొక అరగంట, బెల్లం కలపడమొక అరగంట. రొట్టె పొడి కావాలంటే వేళ్లన్నీ విడివిడిగా పనిచేయాలి. బిగువు లేని వేళ్లతో పలక మీద ‘అ’ దిద్దించడానికి తొందరపడే తల్లిదండ్రులకు ఈ గంట చూపించాలనిపిస్తుంది. ముద్ద కట్టడం వచ్చేది తక్కువమందికే. మిగతావాళ్లది పొడి పొడిగానే నోట్లోకి పోతుంది. నువ్వులు వేసే వెన్నముద్దలు కూడా చేయొచ్చు, కాకపోతే నువ్వులు పడని పిల్లలు ఉండొచ్చు, ఇంట్లో అడిగి తెలుసుకోవాలి.

పాట దగ్గర డీజేతో నాకు తగువు. బతుకమ్మ పాట కట్టుబడే చిన్నపిల్లల కోసం చేసినట్టుంటుంది. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతావాళ్లు చివరనొచ్చే ఆ ఒక్క మాట అందుకుంటే చాలు. మూడేళ్ల పిల్లకు ఒక మాట చాలు. ఆ మాట ఎప్పుడొస్తుందా అని నోరు తెరిచి కాచుకొని ఉంటుంది. రికార్డు పాట ఆమె కోసం ఆగదు, మనిషి ఆగుతుంది. నేను చరణంలో పిల్లల పేర్లు పెట్టి పాడతాను, తన పేరు వచ్చిన పిల్ల ఆ తర్వాత ఏ మాటా అందుకోదు, ఉలిక్కిపడి నవ్వుతుంది. చప్పట్లు, అడుగు, వంగడం మూడూ కలిపి చేయమనడం ఆ వయసుకు అత్యాశ. అడుగు ఒకటే వేయిస్తాను. అయినా సగం మంది ఎదురు తిరుగుతారు.

పసుపు గౌరమ్మ, హారతి, నైవేద్యం ఇంటికి వదిలేస్తాను. నా తరగతిలో అన్ని ఇళ్ల పిల్లలూ ఉన్నారు. పువ్వు కోయడానికీ రొట్టె పొడి చేయడానికీ ఎవరికీ అభ్యంతరం రాలేదు. పట్టు లంగాల గురించి మాత్రం ప్రతి ఏడూ చీటీ రాసి పంపుతాను, పాత బట్టలు వేసి పంపండి అని. సగం ఇళ్లలో ఆ చీటీ చదవరు.

బడికీ దసరాకూ పాత చుట్టరికమే. కోస్తా జిల్లాల్లో వెనకటి వీధిబడుల పంతుళ్లు దసరాకు పిల్లల చేతికి విల్లంబులిచ్చి, పాటలు పాడించుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవారు. ఇంటివాళ్లు పంతులుగారికి ఎంతో కొంత ముట్టజెప్పి, పిల్లల దోసిళ్లలో పప్పూ బెల్లం పోసేవారు. జీతం సరిగా లేని పంతులుకు అది ఏడాదికోసారి వచ్చే రాబడి. ఆ ఊరేగింపులో పంతులు అవసరం ఎంతున్నా, పిల్లలు మాత్రం పాడారు, నడిచారు, తిన్నారు. వాళ్లను కూర్చోబెట్టి చూపించిన పండగ కాదది.

సెలవుల తర్వాత కూడా పని ఉంటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. కొన్ని గునుగు కట్టలు పక్కన పెట్టి, తలకిందులుగా వేలాడదీసి వెళతాను. తిరిగొచ్చేసరికి అవి ఎండి ఉంటాయి. తెల్ల కాగితం మీద దులిపితే ఆవాల కన్నా సన్నగా, నల్లగా మెరిసే గింజలు రాలుతాయి. అంత పువ్వులోంచి అంత చిన్న గింజా అని పిల్లలు మళ్లీ మళ్లీ దులుపుతారు. వాటిని పొట్లాలు కట్టుకొని ఇంటికి తీసుకెళ్లి చల్లుతామంటారు. ఒకసారి ఓ తాత ఆ పొట్లం పట్టుకొని నేరుగా బడికొచ్చాడు. “టీచరమ్మా, పుట్టినకాడి నుంచి ఈ గునుగు పీకుడే నా పని. మీరేమో నా మనవరాలికి విత్తుడు నేర్పితిరి. అది నిన్న మక్క చేన్లనే చల్లింది” అన్నాడు. మనవరాలు ఆయన వేలు పట్టుకొని పక్కనే నిలబడి, ఇంకో పొట్లం కావాలని అడిగింది.