చెవికి ముందే తెలిసిన హత్య

ప్రోగ్రెసివ్ మెటల్ బృందం డ్రీమ్ థియేటర్ 1999 అక్టోబరులో విడుదల చేసిన ‘మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ ఆల్బమ్‌లో రెండు హత్యలు జరుగుతాయి. చంపిందెవరో చివరి పాటలో గాని బయటపడదు. అయినా కథంతా ఇక్కడే చెప్పేస్తాను. రాత్రంతా మేలుకొని పద్యనాటకం చూసేవాడికి కీచకుడు చస్తాడని ముందే తెలుసు. ఎలా చస్తాడో చూడటానికే వచ్చాడు.

నికొలస్ అనే యువకుడికి ఎన్నడూ చూడని ఇల్లూ, ఎరగని అమ్మాయీ కలల్లోకి వస్తుంటాయి. హిప్నోథెరపిస్టు దగ్గరికి వెళతాడు. ఆ అమ్మాయి విక్టోరియా పేజ్, 1928లో హత్యకు గురైంది, గతజన్మలో తానే ఆమె అని తెలుస్తుంది. ఆమె ప్రియుడు జూలియన్‌ని తాగుడూ జూదమూ మింగేశాయి. అతనికి దూరమైన ఆమెకు, అతని అన్నదమ్ముడే అయిన సెనేటర్ ఎడ్వర్డ్ దగ్గరయ్యాడు. జూలియన్ ఆమెను చంపి తానూ చచ్చాడని పత్రిక రాసింది. నిజానికి ఇద్దరినీ చంపినవాడు ఎడ్వర్డ్. అతనే ఇప్పుడు మళ్ళీ పుట్టి, నికొలస్ ఎదుట హిప్నోథెరపిస్టుగా కూర్చున్నాడు.

గతజన్మ, హిప్నాసిస్, హత్య కలిసిన కథ కెనెత్ బ్రానా 1991 సినిమా ‘డెడ్ అగైన్’లోనూ ఉంది. ‘మూగమనసులు’ ఎరిగిన మనకైతే పునర్జన్మ కథే కొత్త కాదు. కథ మటుకే చూస్తే ఇది రైల్లో చదివి సీటు మీదే వదిలేసి దిగిపోయే నవల. దాన్ని కావ్యం చేసింది సంగీతం. నికొలస్‌కి గుర్తురాకముందే ఇందులోని బాణీలకు అన్నీ గుర్తున్నాయి.

శాకుంతలం అయిదో అంకంలో హంసపదిక పాట విని దుష్యంతుడు అకారణమైన దిగులులో పడతాడు. ఏ ప్రియురాలూ దూరం కాలేదే, ఎందుకీ కలత అని తనలో తానే తర్కించుకుంటాడు. ఎప్పటివో జన్మాంతర స్నేహాలు మనసులో మెదిలాయేమోనని సరిపెట్టుకుంటాడు. అతను మరిచింది ఈ జన్మలోని శకుంతలనే. మతి మరిచినదాన్ని స్వరం తట్టి లేపుతుందన్న ఆ గ్రహింపును 77 నిమిషాల పొడవునా పరిచి చూపించింది ఈ ఆల్బమ్.

మొదట గడియారం టిక్కుటిక్కుమంటుంది. హిప్నోథెరపిస్టు గొంతు పదినుంచి కిందికి లెక్కపెడుతుంది. తరువాత మెత్తని గిటార్, గాయకుడు జేమ్స్ లబ్రీ లేతగొంతు. ఆ గిటార్ స్వరాల వరుసే చాలాసేపటికి, పదకొండో పాట ‘ద స్పిరిట్ క్యారీస్ ఆన్’లో పూర్తిరూపంతో తిరిగి వస్తుంది. ఈ మొదటి పాట వెంటనే వచ్చే ‘ఓవర్చర్ 1928’లో మాటలుండవు. రాబోయే పాటల పల్లవులు, రిఫ్‌లు అందులో ఒక్కొక్కటిగా తలెత్తి మాయమవుతాయి. మొదటిసారి వింటే అది ఉత్సాహంగా సాగే వాద్యవిన్యాసం, అంతే. రెండోసారి వింటే ప్రతి తునకా బరువెక్కి ఉంటుంది. ఆ ముక్కలో ఓ సమాధి ఉంది, ఈ ముక్కలో తుపాకీ ఉంది. వినేవాడు కూడా నికొలస్ స్థితికి వచ్చేస్తాడు: ఇదెక్కడో విన్నాను, ఎక్కడ?

ఆ జ్ఞాపకం ఆల్బమ్ బయటికీ పాకుతుంది. 1992 నాటి ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’లో ‘మెట్రోపొలిస్ పార్ట్ 1’ అనే పాట ఉంది. ఆ ‘పార్ట్ 1’ సరదాకి తగిలించిన తోక. రెండో భాగమేదని అభిమానులు వదల్లేదు. 1997లో వచ్చిన ‘ఫాలింగ్ ఇన్‌టు ఇన్ఫినిటీ’ కోసం ఇరవై నిమిషాల పైబడిన చిత్తుప్రతి తయారైంది గాని ఆ ఆల్బమ్‌లో చేరలేదు. రికార్డు కంపెనీ జోక్యంతో చేసిన ఆ ఆల్బమ్ తర్వాత బృందం పట్టుపట్టి స్వేచ్ఛ సంపాదించింది. జూలియర్డ్‌లో పియానో నేర్చిన జోర్డన్ రూడెస్ కీబోర్డుల దగ్గరికి వచ్చాడు. డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్, గిటారిస్టు జాన్ పెట్రూచీ తామే నిర్మాతలయ్యారు. తోకగా మొదలైన మాటకు ఇంత దేహం మొలిచింది!

‘బియాండ్ దిస్ లైఫ్’ దగ్గర నాకు పేచీ ఉంది. పత్రికలో వచ్చిన హత్యావార్తను గట్టి రిఫ్‌ల మీద పాడతారిక్కడ. అబద్ధాన్ని ఇంత బిగ్గరగా చెప్పించడం మంచి ఊహే. అయితే నడిమి భాగంలో గిటార్, కీబోర్డులు పోటాపోటీగా సాగదీసిన సోలోలు కథకు ఉపకరించవు. వేళ్ళ వేగం చూపించుకోవడం ఈ సంగీతశాఖకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మొత్తం మీద సాహిత్యం కూడా సాదాసీదాదే. చాలాచోట్ల ధ్వని మాటలో లేదు, స్వరంలోనే ఉంది.

‘హోమ్’ అలా కాదు. పదమూడు నిమిషాలకు కాస్త తక్కువ. సితార్‌ను తలపించే నాదంతో, తూర్పుదేశాల ఛాయ ఉన్న స్వరాలతో మెల్లగా ముసురుకుంటుంది. జూలియన్ వ్యసనం, ఎడ్వర్డ్ మోహం, నికొలస్ వెదుకులాట ఒకే పల్లవిని పంచుకుంటాయి. ముగ్గురూ ఇల్లనే అంటారు, ఎవరి ఇల్లు వారిది. మధ్యలో జూదగృహపు చప్పుళ్ళు, స్త్రీ నిట్టూర్పులు ఒకే లయలో కలిసిపోతాయి. శృంగారం బీభత్సంగా మారే క్షణాన్ని మాట సాయం లేకుండా పట్టుకున్నారు.

అక్కడినుంచి ‘ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’. ఆరు నిమిషాల పైచిలుకు, గొంతు లేని పాట. మన తాళంలో ఎంత చిక్కులెక్క వేసినా ఆవర్తం తిరిగి సమానికి చేరుతుందన్న భరోసా ఉంటుంది. ఇక్కడ ఆవర్తమే నిలవదు. అయిదుకు చెయ్యి వేస్తే ఏడు వచ్చి పడుతుంది, ఏడుకు సిద్ధపడితే అది ఆరవుతుంది. ఆరు నిమిషాల్లో ఇలా వందసార్లకు పైగా మారుతుంది. మధ్యలో ఉన్నట్టుండి రూడెస్ పియానో రాగ్‌టైమ్‌లోకి దూకుతుంది. 1928 నాటికే పాతబడ్డ బాణీ అది. విక్టోరియా చిన్నతనంలో విని ఉండొచ్చు. జాన్ మ్యుంగ్ బేస్ గిటార్ కాసేపు ఒంటరిగా పలికి తప్పుకుంటుంది. ఇందాక వేళ్ళ వేగాన్ని తప్పుపట్టిన నేను ఇక్కడ నోరెత్తలేను. ఎందుకంటే ఇక్కడ లెక్క తప్పడమే కథ. నికొలస్ కాలి కింది నేల కదిలిపోతోంది, మన చేతిలోని తాళమూ కదిలిపోతోంది. నోట మాట రాని చోట పాట మాటలు మానేసింది.

కరుణ పండింది మాత్రం ‘త్రూ హర్ ఐస్’లో. గాయని థెరెసా థామసన్ గొంతు మాటలు లేకుండా ఆలపిస్తుంది. నికొలస్ విక్టోరియా సమాధి ముందు నిలబడి, ముక్కూమొహం తెలియని అమ్మాయి కోసం ఏడుస్తాడు. తన సమాధి ముందు తానే ఏడ్చేవాడి శోకానికి ఆలంబనం ఎవరు? ఆలంకారికులు చేతులెత్తేయాల్సిన ప్రశ్న.

ఇక ‘ద స్పిరిట్ క్యారీస్ ఆన్’. చావుకి ఇక భయపడనంటాడు నికొలస్. పెట్రూచీ గిటార్ తొందర మాని నిదానంగా పాడుతుంది, చర్చి బృందగానం అలలా లేస్తుంది. శాంతరసం కుదురుకుంది. ఇంకొకరైతే ఇక్కడే తెరదించేవారు.

వీళ్ళు దించలేదు. పన్నెండు నిమిషాల ‘ఫైనల్లీ ఫ్రీ’లో హంతకుడి గొంతు వినిపిస్తుంది. కళ్ళు తెరవమని విక్టోరియాను ఆజ్ఞాపిస్తాడు. తుపాకీ పేలుతుంది. ఒకే రిఫ్ మళ్ళీమళ్ళీ తిరుగుతుంటే దాని మీద పోర్ట్‌నోయ్ డ్రమ్స్ విరుచుకుపడతాయి. తరువాత నికొలస్ ఇల్లు చేరతాడు. వార్తల్లో జాన్ ఎఫ్. కెనడీ కొడుకు విమానప్రమాదం. అది 1999 జూలైలో నిజంగానే జరిగింది. కల్పనలోకి ఆ వేసవి నిజం అలా నడిచివచ్చింది. గ్లాసులోకి మందు వంపుకుంటాడు, గ్రామఫోను పెట్టుకుంటాడు. అప్పుడు అదే ఆజ్ఞ, ఈసారి నికొలస్‌కి. ఆ తరువాత గ్రామఫోను బుసబుస ఒక్కటే మిగులుతుంది.

ఈ ఆల్బమ్ గొప్పతనమంతా ఇక్కడుంది. ఆత్మకు చావు లేదన్న ఊరట అబద్ధం కాదు, పూర్తి నిజం. కాబట్టే అది హంతకుడికీ వర్తిస్తుంది. విక్టోరియా తిరిగి రాగలిగినప్పుడు ఎడ్వర్డ్ మటుకు ఎందుకు రాడు? శాంతరసాన్ని ముందు మనచేత నమ్మించి, దాని కడుపులోంచే భయానకాన్ని తీశారు. 2000 ఆగస్టు 30న న్యూయార్క్ రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో ఆల్బమ్ మొత్తాన్ని వాయించిన కచేరీ వీడియోలో, థెరపిస్టే ఎడ్వర్డ్ అని విప్పి చూపించారు. ఆ విప్పుడు నాకు రుచించలేదు. ఆల్బమ్‌లో ఒక్క ఆజ్ఞ మళ్ళీ మళ్ళీ వినిపించడమే చాలు, అది వ్యంగ్యం, వీడియోలోది వాచ్యం.

చిందరవందరగా విడిపాటలు వినే అలవాటుంటే ఈ ఒక్కసారికి మానుకోండి. పన్నెండు పాటలనూ ఉన్న వరుసలోనే, ఒకే విడతలో వినండి. పూర్తయ్యాక ఆ బుసను పట్టుకొని, ఈ బృందమే 2002లో చేసిన ‘సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బ్యులెన్స్’ పెట్టుకోండి. అది ఆ బుసతోనే మొదలవుతుంది.