బ్యాకప్ చూసే చెయ్యి

మా ఆఫీసులో సర్వర్లు చూసే తమ్ముడు పొద్దున్నే కాఫీ కన్నా ముందు బ్యాకప్ లాగ్ తెరుస్తాడు. ఫెయిలైతే కంగారు పడడు. డ్రైవ్ మీద చెయ్యి పెట్టి వేడి చూస్తాడు, చెవి దగ్గర పెట్టి టిక్కుటిక్కు వినబడుతోందా అని వింటాడు. కేబుల్ మారుస్తాడు.

మొన్న కాపీ ప్రతి రాత్రీ 4 జీబీ దగ్గరే ఆగిపోతుంటే డ్రైవ్ పోయిందనుకున్నాం. అతను ఫార్మాట్ చూశాడు. ఫ్యాట్32! ఎంత ఖాళీ ఉన్నా అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. పాత కాపీలు వేరేచోట దాచి, ఎన్‌టీఎఫ్ఎస్‌కి మార్చాడు. ఆ రాత్రి బ్యాకప్ పూర్తయింది. ఎంత ఓపికో ఆ పిల్లాడికి! అంతటితో వదల్లేదు. అందులోంచి జీతాల ఫైలొకటి వెనక్కి తీసి, తెరిచి, అంకెలు సరిచూసుకున్నాకే డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు.