ఉచితస్థలమునకు వెల

సంస్కృతమున ఘట్టకుటీప్రభాతన్యాయ మొకటి కలదు. సుంకము తప్పించుకొనదలచి రాత్రియెల్ల అడ్డదారులబడి నడచిన బేహారి తెల్లవాఱునప్పటికి సుంకపుపాక యెదుటనే తేలినాడట! అమెరికా నగరములలో కారు నిలుపుటకు వెల యియ్యనక్కఱలేదని సంతసించువాని స్థితియు నిట్టిదేయని 'ది హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్' అను గ్రంథము నిరూపించుచున్నది. దీనిని 2005లో ప్రకటించిన డోనాల్డ్ షూప్ లాస్ ఏంజిలిస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు, 2025లో దివంగతుడైనాడు.

ఇల్లు కట్టినను, అంగడి పెట్టినను, ఇన్ని కార్లకు చోటు విడువవలెనని అచటి పెక్కు పురపాలక సంఘములు నిర్బంధించినవి. ఆ చోటి వ్యయము ఇంటి యద్దెలోను, సరకుల ధరలోను కలసిపోవును. కావున కారులేని పేదవాడును కారుగలవాని సుంకమును మోయుచున్నాడు. పైగా, చోట్లు పెరిగినకొలది కట్టడములు దూరమగును. అవి దూరమైనకొలది నడక కష్టమగును. అంతట కారు తప్పనిసరియగును.

ఇంత తేటయైన యన్యాయము ఏల నిలిచియున్నది? మీటరులో వేయు నాణెము చేతికి తెలియును. అద్దెలో కలిసిన భారము తెలియదు. ఓటు కోరువాడు తెలియుదానికే భయపడును. షూప్ ఈ భయమును నీతిబోధచే పోగొట్టజూడలేదు. మీటరు రాబడిని ఆ వీథి బాగునకే వినియోగింపుడనెను. పాసడీనా పాతపేటలో 1993లో అట్లు చేయగా, మొదట ఎదిరించిన వర్తకులే తుదకు సమ్మతించిరి. నిర్బంధములను బఫెలో నగరము 2017లో తొలగించినది. ముఖ్యమైన రైలు, బస్సు నిలయముల చేరువ కాలిఫోర్నియా శాసనసభ 2022లో తొలగించినది.

అయినను గ్రంథకర్త దృష్టి వెలపై నిలిచినంత బస్సుపై నిలువలేదు. ఇల్లొకచోట, పని ముప్పది మైళ్ల యవతల, నడుమ బస్సు లేదు: ఇట్టి కూలివాడు వెల హెచ్చినంతమాత్రమున కారు విడువగలడా? వానికది దండనయే. రాబడి ఆ వీథికే చెందవలెనన్నచో, మీటరులేని బీదపేటకు మిగులునదేమి? న్యూయార్కు 2025 జనవరిలో నగరమధ్యమున ప్రవేశించు కార్లపై సుంకము విధించి, ఆ ధనమును రైళ్లకును బస్సులకును కేటాయించినది. షూప్ విడిచిన లోటును పూరించు మార్గమిది. అదియైనను 2024 జూన్‌లో, ఆరంభమునకు కొలదిదినములు ముందు, గవర్నరు ఆజ్ఞచే ఆగి, తగ్గిన వెలతో పిమ్మట నడచినది.

మన పట్టణములలోను అంతస్తుల మేడలకు కార్లచోటు ఇంతయని నిబంధనలు కలవు. ఆ నిబంధనలు వ్రాయువారు ఈ గ్రంథమును తప్పక చదువవలెను. చదివి, వెలకు ముందు బస్సును తలపవలెను.