సర్దడమూ ఒక విద్యే

లినక్స్ కెర్నల్‌లో సగానికి పైగా కోడు డ్రైవర్లదే. 2011 నాటికి అందులో నెట్‌వర్క్ డ్రైవర్ల ఫోల్డరు సంతలా కిక్కిరిసిపోయింది. ఈథర్నెట్ కార్డుల డ్రైవర్లు, మోడెమ్ కాలం నాటి పీపీపీ, స్లిప్ కోడు అన్నీ ఒకే చోట కలగలిసి ఉండేవి. ఆ ఏడాది ఇంటెల్‌లో పనిచేస్తున్న జెఫ్ కిర్షర్ వాటిని సర్దడానికి పూనుకున్నారు. ఆ మార్పులు 3.2 కెర్నల్‌లో చేరాయి. కొత్త సదుపాయం ఒక్కటీ రాలేదు గానీ, నాకు ఎంతో ఇష్టమైన పనితనం అది.

దేన్నిబట్టి సర్దాలన్నదే అసలు చిక్కు. చాలావాటిని తయారీదారు పేరు మీద పెట్టారు: ఇంటెల్, రియల్‌టెక్, త్రీకామ్. కానీ నేషనల్ సెమీకండక్టర్ వారి 8390 చిప్పు సంగతి వేరు. నావెల్ వారి ఎన్‌ఈ2000 కార్డులోనూ, దాన్ని అనుకరిస్తూ ఎందరో చేసిన కార్డుల్లోనూ ఉన్నది ఆ చిప్పో, దాని నకలో. దాన్ని నడిపే ఉమ్మడి కోడు ఒకటుంది. ఆ కార్డుల డ్రైవర్లు దాని మీదే ఆధారపడతాయి. కంపెనీల పేరుతో విడదీస్తే అన్నదమ్ముల్ని వేరు కాపురం పెట్టించినట్టే. అందుకే వాటికి 8390 అనే ఫోల్డరే కట్టారు. పెట్టె మీది పేరు కాక లోపలి చిప్పును చూసి చేసిన ఆ నిర్ణయమే ఈ పని మొత్తానికి ప్రాణం అంటాను.

ఇక చేసే పద్ధతి. ఫైలును జరిపే ప్యాచ్‌లో లోపలి కోడును ముట్టుకోకూడదు. కెర్నల్ కోడు మార్పుల చరిత్రను దాచే గిట్, ఫైలు పేరు మార్పును ఎక్కడా రాసిపెట్టుకోదు. పోయిన ఫైలునూ వచ్చిన ఫైలునూ పోల్చి, సగానికి తగ్గకుండా పోలిక ఉంటే అదే ఇదని ఊహిస్తుంది. జరుపుతూనే తిరగరాస్తే ఆ పోలిక చెడి, ఏ వరుస ఎవరు ఎందుకు రాశారో చెప్పే జాడ తెగిపోతుంది. పైగా ప్రతి ప్యాచ్ దగ్గరా కెర్నల్ కంపైల్ కావాలి. తప్పు ఎక్కడ దూరిందో సగానికి సగం కోసుకుంటూ వెతికేవాళ్లకు, వెయ్యి ప్యాచ్‌లలోనైనా పది మెట్లలో దొరుకుతుంది. మధ్యలో ఒకటి కంపైల్ కాకపోతే ఆ వెతుకులాట అక్కడే తడబడుతుంది.

వాడుకరినీ మరచిపోలేదు. కెర్నల్‌ను కాన్ఫిగర్ చేసేటప్పుడు అడిగేవాటిలో తయారీదారు పేరుతో కొత్త ప్రశ్నలు పెట్టినా, వాటికి మామూలు జవాబు ‘అవును’ అనే ఉంచారు. పాత కాన్ఫిగరేషన్‌తో కెర్నల్ కట్టుకునేవారి కార్డు డ్రైవరు చెప్పాపెట్టకుండా మాయం కాకుండా ఈ జాగ్రత్త. ‘కాదు’ అంటే ఆ కంపెనీ కార్డుల గురించిన ప్రశ్నలను దాటేస్తామని, అంతేగాని ఈ జవాబు కెర్నల్‌ను నేరుగా మార్చదని సహాయవాక్యంలోనే రాశారు.

రియల్‌టెక్ 8139 డ్రైవరు ఫైలు ఆనాడు అలా ఇల్లు మారినదే. ఇవాళ దాని చరిత్రను పేరు మార్పులతో సహా చూపమని గిట్‌ను అడిగితే, ఆ మకాం మార్పును దాటుకుని వెనక్కి, లినక్స్ గిట్‌లోకి వచ్చిన 2005 ఏప్రిల్ దాకా నడిచిపోతుంది.